దూరాన ఉండి దగ్గరగా చూద్దాం

పిల్లలూ! సూళ్ళూరుపేటకు దగ్గరలో నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉన్నది. చలికాలంలో అక్కడి చెరువులోని చెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. పొలానికి నీళ్ళు తోడే గూడను చూశారా? ఈ పక్షి ముక్కు కింద అలాంటి సంచే ఉంటుంది!

"చెట్ల దగ్గరికే వెళ్ళి చూద్దాం" అంటారేమో! వద్దు. మన అలికిడికి తల్లి బెదిరి ఎగిరిపోతే, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి; గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. అందుచేత మనం దూరాన గట్టుమీదనే నిలబడాలి.

మరి కనిపించేదెలా? చేతిసంచీలో పట్టే చిన్న దుర్భిణీ ఉన్నదిగా! 20 రెట్లు పెంచే దుర్భిణీలో, 200 మీటర్ల అవతల ఉన్న పక్షి 10 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్ల తన తలను తల్లి సంచీలోకి దూర్చి చేపలు తినటంకూడా చూడవచ్చు.

అయితే అది మన చేతి వణుకునుకూడా 20 రెట్లు పెంచుతుంది! కనక దాన్ని మూడుకాళ్ళ స్టాండుమీద బిగించాలి. ఎండ ముదిరితే నేలమీది వేడిగాలికి దృశ్యం అలలలాగా కదులుతుంది. అందుకని పొద్దున్నే వెళ్ళండి. సూర్యుడివైపు మాత్రం ఎన్నడూ తిప్పి చూడకండి, కళ్ళు పోతాయి!

మీరు అంతా చూసి ఇంటికి వస్తారు. గూటిలోని తల్లికి మాత్రం మీరు వచ్చిన సంగతే తెలియదు!