డడ్లీ వీధిలో ఒక పూట

బోస్టన్ పట్టణమంటే మన తెలుగు బాప్టిస్టు కుటుంబాలకు ఒక పాత బంధుత్వం ఉంది. నెల్లూరు నుండి జ్యూయెట్ దొరగారు, ఒంగోలు నుండి క్లౌ దొరగారు వ్రాసిన ఉత్తరాలు ఒకప్పుడు చేరింది ఆ పట్టణములోని మిషను కార్యాలయానికే. 1853లో నెల్లూరు మిషనును మూసివేయాలా అని చర్చ వచ్చినప్పుడు, దానిని ఒంటరి నక్షత్రముగా వర్ణించి పద్యం కట్టిన స్మిత్ గారు కూడా ఆ ప్రాంతపు వారే. అందుచేత అక్కడి తెలుగు కుటుంబాల వారు ప్రార్థన కూడికలకు పిలిచినప్పుడు, ఆ పాత కట్టడాలు చూడాలన్న ఆశతోనే మేము విమానమెక్కాము. మా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక రోడ్డు.

కూడికల మధ్య ఒక శనివారం ఖాళీ దొరికింది. మాకు ఆతిథ్యమిచ్చిన సోదరుడు, "అయ్యగారూ, పెద్ద చర్చీలు రేపైనా చూడొచ్చండి. రాత్రి మీ ఊరి రోడ్డు గొడవ చెప్పారు గదా, మీకు డడ్లీ వీధి చూపిస్తాను" అన్నాడు. మా ఊరి రోడ్డు సంగతి ఇంతే. బస్సు స్టేజీ నుండి మందిరం వరకు గుంతలు, రెండు ప్రక్కల పూడిపోయిన కాలువలు, మలుపులో పెంటకుప్ప. మందిరపు పెద్దలు నలుగురు, మేము కలిసి ఒక కమిటీగా ఏర్పడి అర్జీలు పెడుతూనే ఉన్నాము. వానాకాలం వస్తూనే ఉంది.

రైలులో రగల్స్ స్టేషను వరకు, అక్కడి నుండి బస్సులో వెళ్లాము. ఆ ప్రాంతం పేరు రాక్స్‌బరీ. అక్కడి ప్రధాన కూడలిని ఒకప్పుడు డడ్లీ స్క్వేర్ అనేవారు. 2019 డిసెంబరులో దాని పేరు నూబియన్ స్క్వేర్‌గా మార్చారు. వీధి పేరు మాత్రం డడ్లీ వీధే. నల్లజాతి వారు, స్పానిష్ మాట్లాడేవారు, కేప్ వెర్డే దీవుల నుండి వచ్చినవారు, కొద్దిమంది తెల్లవారు అక్కడ కలిసి కాపురముంటున్నారు.

ఇప్పుడు చూస్తే అది మామూలు వీధి. అంగళ్లు, చెట్లు, చెక్క ఇళ్లు, పిల్లల కేకలు. కానీ 1980ల ఆరంభానికి అక్కడ ఖాళీ స్థలాలే దాదాపు 1,300 ఉండేవట. స్తోమత గలవారు ఊరి వెలుపలికి తరలిపోయారు. బ్యాంకులు ఆ వీధుల ఇళ్లకు అప్పివ్వడం మానుకున్నాయి. కొందరు యజమానులు ఇన్సూరెన్సు డబ్బు కోసం తమ ఇళ్లకు తామే నిప్పు పెట్టించుకున్నారు. ఆ బూడిద స్థలాలలో ఇతర ప్రాంతాల లారీలు వచ్చి చెత్త గుమ్మరించేవి. పాత కార్లు, కుళ్లిన మాంసము, ఎలుకలు. పేదవారి గుమ్మం ముందే ఊరి చెత్తంతా చేరడం మనకు తెలియని కథ కాదు.

1984లో ఒక దాతృత్వ సంస్థ వారు అక్కడికి వచ్చి, చూసి చలించిపోయారు. సేవా సంస్థల వారిని కూర్చి ఒక ప్రణాళిక వేశారు. 1985 మొదట్లో ఆ వీధిలోనే ఉన్న సెయింట్ పాట్రిక్ దేవాలయములో దానిని జనానికి వినిపించారు. అప్పుడు స్థానికులు లేచి, వేదిక మీద కూర్చున్న మీలో ఈ పేటలో కాపురమున్నవారు ఎందరని అడిగారు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

ఈ మాట సోదరుడు చెప్పినప్పుడు మేము ఆ దేవాలయపు ఎదుటి కాలిబాట మీద నిలబడి ఉన్నాము. మాకు నోట మాట రాలేదు. మా కమిటీలోని అయిదుగురిలో ఆ రోడ్డు మీద ఇల్లు ఉన్నవారు ఒక్కరూ లేరు. పిల్లల చదువుల కోసమని మేము టౌనులో అద్దెకుంటూ వచ్చిపోతున్నాము.

ఆ దాతలను మెచ్చుకోవాలి. కోపగించి వెళ్లిపోలేదు. ప్రణాళిక మార్చి, పాలకవర్గములో ఎక్కువ స్థానాలు ఆ వీధి వారికే ఇచ్చారు. నాలుగు జాతులవారికి సమానంగా స్థానాలు పెట్టారు. అలా నిలబడిన సంఘం పేరు డడ్లీ స్ట్రీట్ నైబర్‌హుడ్ ఇనీషియేటివ్. 1986లో వారు మొదట పట్టుకున్నది చెత్తనే. తామే స్థలాలు శుభ్రం చేసి, నగర మేయరును రప్పించి, అనుమతి లేని చెత్త కేంద్రాలను మూయించారు.

అటుపైన భూమి సమస్య వచ్చింది. ఖాళీ స్థలాలు ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడివారి పేర్లతోనో ఉన్నాయి. 1988లో నగరం సుమారు 60 ఎకరాల త్రికోణపు ప్రాంతములోని ఖాళీ భూమికి, పరిహారమిచ్చి తీసుకొనే భూసేకరణ అధికారం ఆ సంఘానికే ఇచ్చింది. ప్రభుత్వము చేతిలో ఉండే అధికారం వీధి జనం చేతికి వచ్చింది! ఆ దేశంలో ఏ పేట సంఘానికీ అంతకుముందు అది దక్కలేదు. ఆ భూమిని వారు అమ్మరు. ట్రస్టు పేరున ఉంచి, ఇల్లు కొన్నవారికి నేలను 99 సంవత్సరాల లీజుకిస్తారు. తిరిగి అమ్మితే ధరకు కట్టుబాటు ఉంటుంది. అందువల్ల వీధి బాగుపడి ధరలు పెరిగినా పేదవాడు లేచిపోనక్కరలేదు. ఇలాంటి ఇళ్లు 200కు పైగా ఉన్నాయి. బ్లూ హిల్ అవెన్యూ కలిసే చోట బహిరంగ స్థలం, ప్రక్క సందులో కూరగాయలు పండించే పెద్ద గాజు షెడ్డు చూశాము. 2011లో సాల్వేషన్ ఆర్మీ వారు తెరచిన కేంద్రం కూడా ఆ వీధిలోనే ఉంది. బాపట్ల, నిడుబ్రోలు వారికి ఆ పేరు కొత్త కాదు గదా.

కష్టాలు తీరిపోయాయని మేము చెప్పడం లేదు. బోస్టన్‌లో ఇంటి అద్దెలు వింటే గుండె ఆగుతుంది. ఆ వీధివారికీ ఆ భయం ఉంది.

నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం పేర్ల పట్టిక అని మేము చాలాసార్లు దాటేసి చదివాము. ఎవరి ఇంటి ఎదుట గోడను వారు కట్టుకున్నారన్న సంగతి అందులో పదే పదే ఉన్నదని తిరుగు ప్రయాణంలో చదువుకుంటే కనబడింది.

వచ్చిన రెండవ వారం కూటం మందిరంలో కాక రోడ్డు మీదనే, వేపచెట్టు క్రింద పెట్టాము. మందిరానికి రానివారు కూడా వచ్చారు. కమిటీని రద్దు చేస్తున్నామని చెప్పగానే పెద్దలలో ఒకరికి కోపం వచ్చి లేచిపోయారు. ఆయన ఇంకా మాతో సరిగా మాట్లాడడం లేదు. మలుపు దగ్గర టీకొట్టు నడిపే ముసలమ్మ మాత్రం, "అయ్యగారూ, తమరి కాపురం టౌనులో గదండీ, ఈ కంపు తమరికేం తెలుస్తాది?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాము. "అయితే రండి" అని చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని, కాలువ ఎక్కడ పూడిందో చూపించడానికి ముందు నడిచింది.