నాచేత వ్రాయించినవారు



కొన్ని నెలల క్రిందట ఒక చెల్లెలు నాకు ఉత్తరం వ్రాసింది. "అమ్మా, మీకు ఈ వ్రాసే వరము చిన్ననాటినుండి ఉన్నదా?" అని అడిగింది. లేదు. జవాబు వ్రాద్దామని కూర్చుంటే కార్డు చాలలేదు, కాగితం కూడా చాలలేదు. నా చేతికి కలం ఇచ్చినవారి పేర్లన్నీ వరుసగా జ్ఞాపకం వచ్చి కన్నీళ్ళు వచ్చాయి. వారి పేర్లు ఇక్కడ వ్రాయను. వారిలో ఇద్దరు ఒప్పుకోరు, ఒకరిని అడిగే వీలు లేదు.

మా నాయన దోర్నకల్లు అధ్యక్ష మండలములో ఉపదేశి. ఇంట్లో బైబిలు, పాటల పుస్తకం, పంచాంగం లేని కేలండరు తప్ప వేరే పుస్తకాలు ఉండేవి కావు. నేను ట్రైనింగయి ఏజెన్సీలో పంతులమ్మనయ్యాను. తాడ్వాయి చుట్టుప్రక్కల బడుల్లోనే నా సర్వీసంతా గడిచింది. 2011లో రిటైరయ్యాను. అంతకు ముందే మావారు ప్రభువునందు నిద్రించారు. మా అమ్మాయి హనుమకొండకు వచ్చేయమంటుంది. నేను మేడారంలో అద్దె ఇంటిలోనే ఉండిపోయాను. 1/70 చట్టం ఉన్నది కనుక గిరిజనులు కానివారు ఇక్కడ జానెడు నేల కొనడానికి లేదు. అది న్యాయమే. ఇంతకాలం అద్దెకున్నదానికి ఇల్లు సొంతం కాకపోతే ఏమి, ఊరు సొంతమయింది.

మేడారం అంటే మీకందరికీ జాతరే గుర్తు వస్తుంది. రెండేళ్ళకొకసారి మాఘ మాసంలో ఆ నాలుగు రోజులు మా వీధిలో నిలబడడానికి చోటుండదు. 1996లో ప్రభుత్వం దానిని రాష్ట్ర పండుగ చేసింది. మిగతా రోజుల్లో ఇది చిన్న కోయ గ్రామం. మధ్యాహ్నం కోళ్ళ సవ్వడి, దూరంగా జంపన్నవాగు. మా ఆరాధన తాడ్వాయిలో. ఆదివారం ఉదయం ఆటో దొరికితే ఆరాధన మొదటినుండి, దొరకకపోతే ప్రసంగం మధ్యనుండి.

2013లో ములుగులో జరిగిన స్త్రీల కూటములో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పి కూర్చున్నాను. భోజనాలవేళ ఒక పెద్దాయన వచ్చి, తాను రిటైరయిన పోస్టుమాస్టరునని, అప్పుడప్పుడు కథలు వ్రాస్తానని చెప్పి, చేతిసంచిలోనుండి ఐదు ఇన్‌లాండు కవర్లు తీసి ఇచ్చారు. "టీచరమ్మగారూ, ఇప్పుడు చెప్పినది ఇంటికి వెళ్ళి వ్రాయండి. నాకు పంపండి. పోస్టు ఖర్చు నాది" అన్నారు. నాకు నవ్వు వచ్చింది. "అరవై ఏళ్ళకు రచయిత్రిని అవుతానా అయ్యగారూ?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆదిలాబాదు జిల్లాలో సామల సదాశివగారని ఒక రిటైరయిన ఉపాధ్యాయుడు ఉండేవారని, సంగీతాన్ని గురించి ఆయన వ్రాసిన స్వరలయలు పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని, అప్పటికి ఆయనకు ఎనభై మూడేళ్ళని చెప్పారు. "మీకు ఇంకా ఇరవై మూడేళ్ళు టైమున్నది" అన్నారు.

పోస్టుమాస్టరుగారికి ఇలాంటివి ఎన్నో నోటికి వచ్చు. యౌవనంలో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయములో కూర్చుని చదువుకొన్నారట. అది 1904లో పెట్టిన గ్రంథాలయం. తెలంగాణలో కవులు లేరని ఎవరో వ్రాస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగకుండా ఊరూరికి ఉత్తరాలు వ్రాసి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేసిన సంగతి ఆయనే నాకు చెప్పారు. "ఆ 354 మందిలో చాలామందిని అంతకు ముందు ఎవరూ అడగలేదమ్మా. అడగడమే పెద్ద పని" అనేవారు.

సరే, వ్రాశాను. 2014 ఫిబ్రవరి జాతరలో తప్పిపోయిన ఒక పాపను మా ఇంట రెండు రోజులు ఉంచుకొన్నాను. అదే నా మొదటి వ్యాసం. ఎనిమిది పేజీలు వచ్చింది. మొదటి రెండు పేజీల్లో లూకా సువార్త పదునైదవ అధ్యాయము, తప్పిపోయిన గొర్రె, కాపరి ప్రేమ, అన్నీ పెట్టాను. వారానికి తిరిగి వచ్చింది. ప్రక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు: "గొర్రె సంగతి పాఠకులకు తెలుసు. ఈ పాప సంగతి తెలియదు. మూడో పేజీనుండి మొదలుపెట్టండి."

కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల నోటుబుక్కులు దిద్దినదాన్ని. నాలుగు రోజులు దానిని ముట్టుకోలేదు. ఐదో రోజు మూడో పేజీ తీసి చదివాను. అందులో పాప ఉన్నది. బెల్లంముక్క పిడికిట్లో పట్టుకొని నిద్రలో కూడా వదలనిది. ఊరి పేరు అడిగితే "మా ఊరు" అనీ, తల్లి పేరు అడిగితే "మా అమ్మ" అనీ చెప్పింది. రెండో రోజు సాయంత్రం మైకులో పిలుపు విని తల్లి తడిబట్టలతో పరుగెత్తుకొని వస్తే, ఏడవలేదు, ఆ కరిగిపోయిన బెల్లాన్ని తల్లి నోటికి అందించింది. ఇంత మంచి సంగతి నా చేతిలో పెట్టుకొని నేను రెండు పేజీలు ప్రసంగం చేశానే అనిపించింది.

ఆయన మళ్ళీ ఎప్పుడూ నన్ను పొగిడిన గుర్తు లేదు. "అడవి" అని వ్రాస్తే "ఏ చెట్లు?" అని ప్రక్కన వ్రాసేవారు. "పక్షులు" అంటే "ఎన్ని? ఏవి?" ఆయన బాధ పడలేక ఇరుగుపొరుగు కోయ అమ్మలను అడిగి ఇప్పచెట్టుకూ మద్దిచెట్టుకూ ఆకు చూసి తేడా చెప్పడం అరవై దాటాక నేర్చుకొన్నాను.

రెండవ వ్యక్తి హనుమకొండలో ఉండే ఒక రిటైరయిన నర్సమ్మ. పాటలు వ్రాస్తుంది, నాకంటె నాలుగేళ్ళు చిన్న, "అక్కా" అని పిలుస్తుంది. ఆదివారం సాయంత్రం ఫోనులో నేను వ్రాసినది చదివి వినిపించాలి. నిజం చెప్పడంలో నర్సే. "ఇక్కడ నాకు ఆవులింత వచ్చింది అక్కా" అనేది. ఆవులింత వచ్చినచోట గీత పెట్టుకొనేదాన్ని. ఎంత మంచి పద్ధతో!

2016లో నా వ్యాసం ఒకటి చూసి సంఘములోని ఒక పెద్ద, "విశ్వాసి అయి ఉండి జాతరను గురించి వ్రాయడమేమిటి? అవి మనకు తగవు" అని నలుగురిలో అన్నారు. నేను పూజను గురించి వ్రాయలేదు. జాతరకు వచ్చి జ్వరపడిన ఒక ముసలమ్మకు మా పొరుగు కోయ ఇల్లాలు గంజి కాచి త్రాగించిన సంగతి వ్రాశాను. మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువును వెంబడించేవారికి అందులో తప్పేమి కనబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కాని ఆ మాట ముల్లయి గుచ్చుకొన్నది. ఎనిమిది నెలలు కలం పట్టలేదు.

ఆ ఎనిమిది నెలలూ నర్సమ్మ ఒక్కసారి కూడా "వ్రాయి అక్కా" అనలేదు. ప్రతి ఆదివారం ఫోను చేసి, "ఈరోజు ఏమి వండావు? ఎవరు వచ్చారు? వాగులో నీళ్ళెట్లా ఉన్నయి?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. ఒకనాడు, "అక్కా, నువ్వు చెప్పినవన్నీ నేను నోటుబుక్కులో వ్రాసిపెట్టిన. నా దస్తూరి బాగుండదు, నువ్వే మంచిగ వ్రాసుకో" అన్నది. మరుసటి వారం ఆ నోటుబుక్కు పోస్టులో వచ్చింది.

అపొస్తలుల కార్యములలో మార్కు అనబడిన యోహాను సంగతి మీకు తెలిసినదే. పంఫూలియలో పనిని విడిచి వెళ్ళిపోయిన పిల్లవాణ్ణి మళ్ళీ తీసికొనిపోనని పౌలు అంటే, బర్నబా మాత్రం వాణ్ణి వెంటబెట్టుకొని ఓడ ఎక్కాడు. ఆ మార్కే సువార్త వ్రాశాడని సంఘము మొదటినుండి నమ్ముతున్నది. చివరి రోజుల్లో పౌలే మార్కును తీసికొని రమ్మని తిమోతికి కబురు పెట్టాడు. బర్నబా వ్రాసిన సువార్త మన బైబిలులో లేదు. వ్రాసినవాని ప్రక్కన నిలిచినందుకే ఆయనను తలచుకొంటున్నాము.

ఇక మూడవవాణ్ణి గురించి. ఇది చెప్పడానికే నాకు కష్టం.

1989లో ఒక ఆశ్రమ పాఠశాలలో ఐదవ తరగతికి "మా ఊరు" అని వ్యాసం ఇచ్చాను. ఒక కోయ పిల్లవాడు, పొద్దున లేచి "ఏరు తాగి" బడికి వస్తానని వ్రాశాడు. నేను ఎర్ర సిరాతో కొట్టివేసి, తరగతి అందరిలో, "ఏటిని తాగుతావురా? ఏరంతా నువ్వే తాగితే ఊరికేం మిగులుతుంది?" అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత వాడు వ్యాసం ఇచ్చినప్పుడల్లా రెండు వాక్యాలే వ్రాసేవాడు. మందబుద్ధి అనుకొన్నాను.

కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. అంతమంది కోయ పిల్లల మధ్య బ్రతుకుతూ, ఇల్లు అద్దెకు తీసికొని, వారి తల్లుల చేతి గంజి త్రాగి, ఈ ఒక్క మాట నాకు తెలియలేదు. తెలిసికోవాలని అనుకోలేదు.

ఆ పిల్లవాడు పెద్దవాడయి ఉపాధ్యాయుడయ్యాడు. కోయ పాటలు, కథలు తెలుగు లిపిలో వ్రాసుకొంటున్నాడు. 2018లో, నా వ్యాసం ఎక్కడో చదివి మా ఇంటికి వచ్చాడు. "టీచర్, ఇప్పచెట్టు గురించి మీరు వ్రాసింది బాగుంది. మావాళ్ళు ఇప్పపువ్వు ఏరేముందు ఏమి చేస్తారో అది కూడా వ్రాయాల్సింది" అని, కూర్చుని గంటసేపు చెప్పాడు. నాకు వాడిని చూస్తే ఎర్ర సిరాయే కనబడుతున్నది. చివరికి ఉండబట్టలేక, "నాయనా, ఐదో తరగతిలో ఒకసారి…" అన్నాను.

"గుర్తుంది టీచర్" అన్నాడు. "సిరా వెనక పేజీదాకా దిగింది."

క్షమించమని అడిగాను. వాడు ఏమీ అనలేదు. చెంబు చేతికి తీసికొని మంచినీళ్ళు త్రాగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే వారం వస్తాను. వ్రాసి పెట్టండి, చదువుతాను" అన్నాడు. వచ్చాడు. ఇప్పటికీ వస్తున్నాడు.

పోస్టుమాస్టరుగారు 2020లో కరోనాలో పోయారు. చివరి చూపు కూడా లేదు. ఆయన బ్రతికుండగా "మీవల్లనే వ్రాస్తున్నాను" అని ఒక్క కార్డు వ్రాయలేదు నేను. ఎప్పుడూ వ్యాసాలే పంపాను, దిద్దమని.

2023 జులైలో వాన మీరంతా పేపర్లలో చదివి ఉంటారు. మా జిల్లాలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. 27వ తేదీన జంపన్నవాగు పొంగి కొండాయిలో ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ ఇళ్ళ దుఃఖం ముందు నా నష్టం చెప్పుకోదగినది కాదు, అయినా జరిగింది కనుక చెబుతున్నాను. మా ఇంట్లో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. మంచంక్రింద ట్రంకుపెట్టెలో పదకొండు నోటుబుక్కులు. పదేళ్ళ వ్రాత. మూడో రోజు తెరిస్తే నీలం నీళ్ళు.

పెట్టె మూసి ప్రార్థన చేసికొన్నాను. ఇక చాలు ప్రభువా, నీవిచ్చితివి, నీవే తీసికొంటివి అనుకొన్నాను. అమ్మాయికి ఫోను చేసి వచ్చేస్తానన్నాను.

నా విద్యార్థి బురదలో నడిచి వచ్చాడు. తన ఇంట్లోనూ నీళ్ళే. పెట్టె ఎత్తుకొని బడికి తీసికొనిపోయి, పేజీకి పేజీ విడదీసి తరగతి గదిలో తీగలు కట్టి ఆరవేశాడు. బాల్‌పెన్నుతో వ్రాసినవి నిలిచాయి, సిరాతో వ్రాసినవి పోయాయి. అదే వారంలో నర్సమ్మ నేను పంపిన వ్యాసాల జిరాక్సులు కట్టగట్టి పంపింది. ఆ తరువాత ములుగునుండి పోస్టుమాస్టరుగారి భార్య కబురు చేసింది. వెళ్ళాను. ఆయన బల్ల సొరుగులో నా మొదటి ప్రతులన్నీ తేదీలవారీగా ఉన్నాయి. నాకు తిరిగి పంపేముందు, ప్రతి దానినీ తన చేతితో ఎత్తివ్రాసి ఉంచుకొన్నారు. నా ప్రసంగం రెండు పేజీలు కూడా ఉన్నాయి, ఒక్క మాట వదలకుండా. "ఎందుకండీ ఇదంతా అంటే, ఆమె పారవేస్తుంది, మనకు కావాలి అనేవారమ్మా" అన్నది ఆ తల్లి.

యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథమును రాజు చాకుతో కోసి కుంపటిలో వేసినప్పుడు, వారు మరియొక చుట్ట తీసికొని మళ్ళీ వ్రాశారు, ఇంకా ఎక్కువ మాటలు కూడా చేర్చారు. ములుగు బస్టాండులో ఆ కట్ట ఒళ్ళో పెట్టుకొని కూర్చుని, నాకు బారూకులు ముగ్గురున్నారు గదా అనుకొన్నాను. అమ్మాయికి ఫోను చేసి ఇప్పట్లో రానన్నాను.

మరుసటి సంవత్సరం ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి ఒక్కపూటలో దాదాపు 50,000 చెట్లు కూలాయన్నారు. నేనూ నా విద్యార్థీ వెళ్ళి రోడ్డు ప్రక్కన పడినవాటిని చూశాము. నోటుబుక్కులో చెట్ల పేర్లు వ్రాసుకొన్నాను, ఎన్ని, ఏవి అని. పెన్సిలుతోనే. తెలుగులో పేరు నేను చెబితే, దాని ప్రక్కన కోయ పేరు వాడు వ్రాశాడు. నాలుగింటికి నాకు తెలుగు పేరు తెలియలేదు. ఆ నాలుగూ వాడు చెప్పిన పేర్లతోనే ఉన్నాయి.