ఆకాశవాణిలో నా తొలి దినములు

నా చిన్నతనమున మా ఊరి పంచాయితీ కార్యాలయములో ఒక రేడియో ఉండెడిది. సాయంకాలమగునప్పటికి రైతులు, కూలీలు, బాలురు దాని ముందు చేరెడివారు. ధాన్యము ధరలు, పొలముపనుల ముచ్చట్లు, పాటలు, నాటకములు అన్నియు ఆ పెట్టెనుండియే వెలువడుచుండెను. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రము" అను మాట వినబడగానే మా తాతగారు చేతిలోని చుట్టను ప్రక్కన పెట్టి సర్దుకొని కూర్చుండెడివారు. ఆ మాట పలుకువారు ఎట్లుందురో, ఎక్కడ కూర్చుండి పలుకుదురో యని నేను పెక్కుసార్లు ఊహించుకొనెడివాడను.

1979వ సంవత్సరము జనవరిలో ఆ స్థలమును కన్నులార చూచు భాగ్యము కలిగెను. స్వరపరీక్షలో నెగ్గి, శిక్షణ పొందు అనౌన్సరుగా చేరుటకు బందరు కాలువ వెంట బస్సులో విజయవాడకు వచ్చితిని. 1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన ఆ కేంద్రమునకు అప్పటికి ముప్పది యేండ్లు నిండినవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 'భక్తిరంజని'ని తీర్చిదిద్దిన తావు అది. ఉషశ్రీగారి రామాయణ భారత ప్రవచనములు వెలువడు తావు అది. స్టూడియో వాకిట చెప్పులు విడువుమని చెప్పగా, భక్తిచేత కాబోలు ననుకొంటిని. అడుగుల చప్పుడు మైకులో పడకుండుటకని తరువాత తెలిసినది.

స్టూడియోకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు దళసరి తలుపులుండెను. గోడలకు శబ్దమును పీల్చుకొను పలకలు బిగించియుండిరి. తలుపులు మూసినచో నా ఊపిరి నాకే వినబడెను. అద్దమునకు ఆవలి ప్రక్క ఇంజనీరు కూర్చుండెను. ఎఱ్ఱదీపము వెలిగినచో మన మాట బయటకు పోవుచున్నదని అర్థము. అప్పుడు దగ్గినను, కాగితము గలగలలాడినను, లోకమెల్ల వినును.

తొలి వారములలో నాకు చదువుటకు ఏమియు ఇయ్యలేదు. గ్రామఫోను పలకలను వెదకి తెచ్చుట, ఏ పలక ఏ వేగమున తిరుగవలెనో సరిచూచుట, ప్రతి కార్యక్రమము మొదలైన వేళను, ముగిసిన వేళను పుస్తకమున వ్రాయుట నా పనులు. మైకునకు జానెడు దూరమున ఉండవలెననియు, 'ప', 'భ' వంటి అక్షరముల గాలి సూటిగా దానికి తగులకుండ ముఖమును కొంచెము ఓరగా నిలుపవలెననియు, కాగితములను గుండుసూదితో గ్రుచ్చక ఒక్కొక్కటిగా చప్పుడు లేకుండ ప్రక్కకు జరుపవలెననియు నేర్చుకొంటిని. నేర్చుకొంటినే కాని నా మనస్సున అసంతృప్తి యుండెను. కళాశాలలో వక్తృత్వపు పోటీలయందు బహుమతులు పొందినవాడను. నా కంఠము మధురమైనదని అందరును అనెడివారు. ఇట్టివానికి పలకలు మోయు పని యేమని లోలోపల అనుకొనుచుండెడివాడను.

మార్చినెలలో ఒకనాడు పెద్ద అనౌన్సరుగారు నన్ను పిలిచి, ఒక పాత తుపాను హెచ్చరికను చేతికిచ్చి చదువుమనిరి. విశాఖపట్నములోని తుపాను హెచ్చరికల కేంద్రమునుండి వచ్చిన దాని తుది వాక్యము ఇది: "కావున మత్స్యకారులు చేపలవేటకై సముద్రములోనికి వెళ్లరాదు." నేను గంభీరముగా చదివితిని. వాక్యము ముగియుచున్నప్పుడు స్వరమును మెల్లగా దించి, గమకముతో పాట ముగించినట్లు ముగించితిని. చాల బాగుగా చదివితినని నా నమ్మకము.

ఆయన ఏమియు అనలేదు. నా చదువును టేపుపై పట్టియుంచిరి. నన్ను మరియొక గదిలోనికి కొనిపోయి, బల్లపై పెద్ద ఫ్యానును పూర్తి వేగమున తిప్పి, టేపును తక్కువ ధ్వనితో వినిపించిరి.

"అబ్బాయీ! నీవు ఇప్పుడు నాగాయలంక రేవులో ఉన్నావనుకొనుము. గాలి వీచుచున్నది. సెట్టులోని బ్యాటరీలు పాతవి. మెరుపు మెరిసినప్పుడెల్ల గరగర వచ్చుచున్నది. బాగుగా విని చెప్పుము. జాలరి వెళ్లవలెనా, మానవలెనా?"

నేను చెవి రిక్కించితిని. "సముద్రములోనికి వెళ్ల..." అనునంతవరకు వినబడెను. పిమ్మట ఫ్యాను హోరు తప్ప వేరొకటి లేదు. "వెళ్లరాదు" అన్నదో, "వెళ్లవచ్చును" అన్నదో తెలియలేదు. చదివినవాడను నేనే, ఐనను చెప్పలేకపోతిని.

"చూచితివా?" అని ఆయన అనిరి. "మన తెలుగులో క్రియ వాక్యము తుదిని వచ్చును. ఔననుటయు కాదనుటయు ఆ తోకలోనే యున్నది. నీవు ఆ తోకనే మ్రింగితివి. కంఠము మధురముగా నుండుట మంచిదే. కాని వినువాడు నీ కంఠముకొరకు కాదు, ఆ ఒక్కమాట కొరకు కూర్చున్నాడు."

ఆపైన ఆయన 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని గూర్చి చెప్పిరి. ఆనాడు తుపానుతో పాటు సముద్రము దివిసీమపై పడినది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలు కొట్టుకొనిపోయినవి. 10,000 మందికి పైగా మరణించిరి. హెచ్చరికలు వెలువడినను అవి అందరికిని అందలేదు. అందినవారిలోను తలదాచుకొనుటకు గట్టి కట్టడము లేనివారు పెక్కురు. "మన మాట ఒక్కటే వారిని కాపాడునని నేననను. కాని వినబడని మాట చెప్పియు చెప్పనిదే" అని ఆయన ముగించిరి. నాకు తలయెత్తి చూచుటకు సిగ్గు వేసెను. ఆ రాత్రి గదిలో ఒంటరిగా కూర్చుండి ఆ వాక్యమునే మరల మరల చదివితిని.

ఆ మే నెలలోనే బంగాళాఖాతమున మరియొక తీవ్రమైన తుపాను పుట్టినది. హెచ్చరికను చదువు వంతు ఒకమారు నాకు వచ్చెను. ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు చేతిలోని కాగితము వణకెను. గాలుల వేగమును అంకె అంకెగా చదివితిని. తుది వాక్యమును రెండుమార్లు చదివితిని. "వెళ్లరాదు" అను మాటను అక్షరమక్షరము నిలిపి పలికితిని. ఆ పలుకులో మాధుర్యమేమియు లేదు. అద్దమునకు ఆవల నిలిచియున్న పెద్దాయన తల ఊపిరి.

ఆ తుపాను ఒంగోలు ప్రాంతమున తీరము దాటినది. అప్పుడును కొన్ని వందలమంది మరణించిరి. కాని తీరవాసులను ముందుగా తరలించుటచేత ప్రాణనష్టము 1977 నాటికంటె ఎంతయో తగ్గినది. ఆ మేలు అధికారులది, ఊరూర తిరిగి జనులను కదిలించినవారిది. అందులో నా పాలు ఎంతయో నేను లెక్కకట్టలేను.

మరుసటి యేడు పనిమీద నాగాయలంకకు పోయినప్పుడు ఒక ముసలి జాలరితో మాట కలిసినది. నేను రేడియోవాడనని తెలిసి ఆయన నవ్వి యిట్లనెను: "ఆ గాలిలో సగం మాటలు వినపడలేదు బాబూ. చివర 'రాదు' అన్నది మాత్రం వినపడింది. అంతే, పడవలు లాగి కట్టేశాం." చదివినది ఎవరో ఆయనకు తెలియదు. అది నేనో, మరియొకరో నాకును తెలియదు. నా పేరు ఆయన అడుగలేదు, నేనును చెప్పలేదు.

బాలబాలికలారా! ఇప్పుడు తుపాను హెచ్చరికలు చేతిఫోనులకు కూడ వచ్చుచున్నవి. ఐనను నోటిమాటకు విలువ తరుగలేదు. మీరు తరగతిలో పాఠమును పైకి చదువునప్పుడు ఒకమారు తలయెత్తి చూడుడు. వెనుకబల్లపై కూర్చున్నవానికి మీ వాక్యము తుదిపలుకు వినబడినదా? వినబడనిచో సిగ్గుపడక ఆ వాక్యమును మరల చదువుడు.