అశోక్ చౌక్ చద్దరు

సోలాపూరు అశోక్ చౌక్‌లో మేము బండి దిగగానే చెవిని బడినవి రెండు: మరమగ్గాల టకటక, మన తెలుగు. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు సీమల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీల తెలుగు అది. నడుమ నడుమ మరాఠీ కలిసినా వినడానికి ఇంపుగానే ఉన్నది.

ఏలూరు తివాచీకి ఉన్ని పోగును ముడి తరువాత ముడిగా వేళ్లతో వేస్తారు. ఇక్కడి చద్దరులో ముడి లేదు. రెండు రంగుల పడుగు, రెండు రంగుల పేకతో రెండు పొరలు ఒక్కసారే నేస్తారు. పువ్వు వచ్చినచోట పై పొర కిందికి, కింది పొర పైకి మారుతుంది. అందుచేత చద్దరు తిరగవేస్తే పువ్వు అదే, రంగులు మాత్రం తారుమారు! ఏ పోగు లేవాలో చెప్పేది మగ్గం నెత్తిన ఉండే జకార్డు. 1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన రూపొందించిన సాధనమిది. చిల్లుల అట్టలు గొలుసుకట్టుగా తిరుగుతాయి. ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క అట్ట. చిల్లు ఉన్నచోట కొక్కెం పడుగు పోగును లేపుతుంది. ఒక్క నెమలి నిలవాలంటే ఎన్ని అట్టలో లెక్కించండి!

చేతిమగ్గాలు ఇక్కడ అరుదైనవి. మరమగ్గం దగ్గర నిలిచినవాని పని తెగిన పోగు అతకడం, కండె మార్చడం. నేర్పంతా గళ్ల కాగితం మీద చిత్తరువు దించేవానిది. అతని పేరు కొన్నవారికి తెలియదు. భౌగోళిక గుర్తింపు సైతం ఊరి పేరిటే కదా.

ఆ పేరుతో పై ఊళ్ల సరుకూ అమ్ముతున్నారట. కొనబోయే మన ఆడపడుచులు మడత విప్పి వెనుకవైపు కూడా చూడవలెను.