రెండు గొంతులు, మూడు ప్రమాణములు

మన సంఘాల క్వయర్‌లో పాడేవారికి టెనర్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. స్త్రీలు సొప్రానో, ఆల్టో, పురుషులు టెనర్, బాస్ అని నాలుగు వరుసలుగా నిలబడి పాడటం మిషనెరీల కాలం నుండి మనకు అలవాటే. అయితే మగవారిలో చాలామంది గొంతు అటు టెనరూ కాదు, ఇటు బాసూ కాదు. నడిమధ్యన ఉంటుంది. క్వయర్ మాస్టరుగారు అలాంటి వారిని బాస్ వరుసలోకి నెట్టేస్తారు. ఇటలీ వారు ఆ నడిమి గొంతుకు బారిటోన్ అని పేరు పెట్టి, పెద్ద పీట వేశారు. వారి సంగీత నాటకములో, అంటే ఒపేరాలో, టెనర్ సాధారణంగా ప్రేమికుడు. బారిటోన్ అతని తండ్రో, స్నేహితుడో, పగవాడో అవుతాడు. ఆ ఇద్దరూ కలిసి పాడే పాటలను మించినవి మగ గొంతుల కోసం ఎక్కడా పుట్టలేదని నా నమ్మకం.

మన సినిమాలలో యుగళగీతమంటే నాయికా నాయకుల పాటే గదా! ఇక్కడ ఇద్దరు మగవాళ్లు. అదీగాక, వెర్ది రాసిన వాటిలో మూడింటిలో ఆ ఇద్దరూ చేసేది ప్రమాణము. ఆ మూడు ప్రమాణములను మనసులో పెట్టుకొని, అవి పుట్టిన నేలను చూడాలని మా బావగారు, నేను ఒక అక్టోబరు నెలలో బయలుదేరాము. బావగారు మా ఊరి సంఘములో ముప్పై ఏళ్లుగా బాస్ పాడుతున్నారు. ఒపేరా అంటే మాత్రం అప్పటిదాకా గిట్టదు. “అరుపులు” అనేవారు.

మొదట మిలాను. అక్కడి లా స్కాలా నాటకశాల 1778లో తెరిచారు. బయటి నుండి చూస్తే పెద్ద కచేరీ భవనములా ఉంటుంది, అంతే. దాని పక్కనే ఉన్న మ్యూజియములో చిన్న పిల్లవాడి బల్లంత వాయిద్యము ఒకటుంది. స్పినెట్టు అంటారు, పియానోకు తాత లాంటిది. జుసెప్పే వెర్ది తండ్రి పల్లెలో పూటకూళ్ల ఇల్లు, చిల్లర కొట్టు నడిపేవాడు. కొడుకు చెవి చూసి ఈ పాత వాయిద్యము కొనిచ్చాడు. 1821లో దానిని బాగుచేసిన కావల్లెత్తి అనే పనివాడు, ఈ పిల్లవాడి శ్రద్ధ చూశాను, నాకు డబ్బు వద్దు అని దాని లోపలే రాసి పెట్టాడు. ఆ రాత ఇప్పటికీ ఉంది. బావగారు అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

అదే మిలానులో 1832లో సంగీత కళాశాల వారు ఆ కుర్రవాడిని చేర్చుకోలేదు. వయస్సు మించిందన్నారు, చేతి వాటము సరిగా లేదన్నారు. ఇప్పుడు ఆ కళాశాలకు ఆయన పేరే!

మిలాను నుండి రైలు ఆగ్నేయంగా పో నది మైదానములో పోతుంది. కొండ అనేది కనబడదు. మొక్కజొన్న కోసిన చేలు, టొమాటో మళ్లు, పశువుల కోసం పెంచే పచ్చిమేత, నిలువుగా వరుసలు తీరిన చెట్లు. చలికాలములో ఇక్కడ మంచు కమ్మిందంటే ఎదుటి మనిషి ఆనడట. ఫిదెన్‌త్సాలో బండి మారితే బుస్సేతో వస్తుంది. అక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరములోనే రొంకోలే అనే పల్లె. 1813 అక్టోబరులో వెర్ది పుట్టిన ఇల్లు రోడ్డు మలుపులో ఉంది. దానికి దగ్గరలోనే ఆయన బాప్తిస్మము పొందిన చిన్న దేవాలయము, అందులో ఆయన వాయించిన ఆర్గను. ఇంకా మీసాలు రాని వయస్సులోనే ఆ గుడికి ఆర్గను వాయించే పని ఆయనకు దొరికింది. చదువు కోసం బుస్సేతోలో ఉంటూ, ఆదివారాలు నడిచి వచ్చి వాయించి పోయేవాడు. పెద్దయ్యాక గుడికి అంతగా వెళ్లినవాడు కాదు, ఆ సంగతి దాచనవసరం లేదు. కాని ఆయన నాటకాలలో ఎవరైనా మోకరించినప్పుడు వెనక వినబడే సంగీతము ఈ గుడిలో నేర్చినదేనని ఎవరికైనా తెలుస్తుంది.

బుస్సేతోలో ఆయన పేరిట 1868లో నాటకశాల కట్టారు. సుమారు 300 మంది పడతారు. వెర్దికి అది అనవసరపు ఖర్చని కోపము. చందా ఇచ్చాడు, తన పేర ఒక గది ఉంచుకున్నాడు గాని గడప తొక్కలేదు. ఆ డబ్బు రైతులకైతే పనికొచ్చేదని ఆయన తలచి ఉంటాడు. తాను స్వయముగా పొలము చేసినవాడే. దగ్గరలోని విల్లనోవాలో పల్లె జనము కోసం ఆసుపత్రి కట్టించి 1888లో తెరిపించాడు.

ఇక పాటల సంగతి. ఒపేరాలో మైకు ఉండదు. అరవై, డెబ్బై వాయిద్యాలు మ్రోగుతుండగా ఒక్క మనిషి గొంతు చివరి వరుస దాకా పోవాలి. అది ఒట్టి బలముతో అయ్యే పని కాదు. శిక్షణ పొందిన మగ గొంతులో సెకనుకు సుమారు 3000 కంపనాల దగ్గర ఒక మెరుపు పుడుతుంది. వాయిద్యాల శబ్దము ఆ చోట పలచబడుతుంది గనుక గొంతు ఆ సందులో నుండి దూసుకొస్తుంది. టెనర్‌కు పై స్వరాలలో కాంతి ఎక్కువ, బారిటోన్‌కు బరువు ఎక్కువ. ఇద్దరూ ఒకరి పాట ఒకరు వినకుండా పాడితే గోల. వింటూ పాడితే, ఏది ఎవరి గొంతో తెలియని మూడో గొంతు ఒకటి పుడుతుంది. పార్మా రైలులో ఫోనులో వినిపించినప్పుడు బావగారు మొదట పట్టుకున్నది ఈ సంగతినే. “వీళ్లు మనలాగా పుస్తకములోకి చూసి పాడటంలేదయ్యా, ఒకరి నోటిలోకి ఒకరు చూసి పాడుతున్నారు” అన్నారు.

మొదటి ప్రమాణము ‘డాన్ కార్లో’లోనిది. ఈ నాటకము 1867లో పారిస్‌లో ఫ్రెంచిలో ఆడారు. ఇటలీ భాషలో కుదించిన రూపము 1884లో లా స్కాలాలో వచ్చింది. స్పెయిను రాజు రెండవ ఫిలిప్పు కొడుకు కార్లో టెనర్. అతని స్నేహితుడు రొద్రిగో బారిటోన్. ఆ కాలములో స్పెయిను ఏలుబడిలో ఉన్న ఫ్లాండర్స్ దేశములో మతము పేరున ప్రజలను హింసిస్తున్నారు. మన ప్రొటెస్టంటు పూర్వికుల శ్రమల చరిత్ర చదివినవారికి ఇది కొత్త కాదు. నాటకములో వారిని సజీవ దహనానికి నడిపించే ఘట్టము కూడా ఉంది. వారిని విడిపించుటకు ప్రాణమైనా ఇస్తామని, కలిసి బ్రతికి కలిసి చస్తామని మఠములో తాతగారి సమాధి దగ్గర ఈ ఇద్దరూ దేవుని ఎదుట ఒట్టు పెట్టుకుంటారు. రెండు గొంతులూ చాలావరకు మూడు స్వరాల ఎడముతో, చేయి చేయి పట్టుకున్న అన్నదమ్ముల్లా నడుస్తాయి. రాగము చాలా సులువు. పల్లె క్వయర్ కూడా ఒక సాయంత్రములో నేర్చుకోగలదు. రొద్రిగో ఆ మాట నిలబెట్టుకుంటాడు. స్నేహితుని నేరమును తన మీద వేసుకొని చెరసాలలో తుపాకి గుండుకు పడిపోతాడు.

రెండవది ‘విధి బలము’ అని మనము చెప్పుకోదగిన నాటకములోనిది. 1862లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో మొదట ఆడారు. యుద్ధములో గాయపడిన అల్వారో టెనర్. అతని వెంట వచ్చిన కార్లో బారిటోన్. మారుపేర్లతో స్నేహితులైనారు. నిజానికి కార్లో ఊరూరా వెదుకుతున్న తన ఇంటి శత్రువు ఇతడే, ఆ సంగతి అతనికి తెలియదు. నేను చనిపోతే ఈ కాగితాల కట్టను విప్పకుండా కాల్చివేయి అని అల్వారో అడుగుతాడు. కార్లో ప్రమాణము చేస్తాడు. టెనర్ నీరసముగా, తెగిపోతున్న దారములా పాడతాడు. బారిటోన్ ధైర్యము చెబుతూ కింద నుండి పట్టుకుంటాడు. తరువాత అనుమానము పుట్టి, కార్లో ఆ కట్టను చేతిలోకి తీసుకుంటాడు. మాట ఇచ్చాను గదా అని విప్పడు. అదే పెట్టెలో ఒట్టుకు లోబడని ఇంకొక చిన్న డబ్బా కనబడుతుంది. దానిని తెరుస్తాడు. లోపల తన చెల్లెలి బొమ్మ! మాట అక్షరాలా నిలిచింది, స్నేహము చచ్చింది. ఇలా ఒట్టును నిలబెట్టుకున్న పెద్దమనుషులను మన ఊళ్లలోనూ చూశాము.

ఈ పాటను 1906 మార్చిలో కరూసో, స్కొత్తి గ్రామఫోను రికార్డుకు పాడారు. ఇద్దరూ నేపుల్సు వారే, నిజ జీవితములోనూ స్నేహితులు. మరుసటి నెలలో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపములో ఇద్దరూ చిక్కుకొని బ్రతికి బయటపడ్డారు. రికార్డులో గీతల చప్పుడు చాలా ఉంది. పది నిమిషాలలో చెవి దానికి అలవాటు పడుతుంది. 1960 మార్చి 4న న్యూయార్కులో లెనార్డ్ వారెన్ అనే బారిటోన్ ఇదే పాట పాడిన కొద్దిసేపటికే వేదిక మీద కూలి చనిపోయాడు. ఈ నాటకము పేరెత్తితే అపశకునమని ఇటలీలో కొందరు అంటారు. పేరుకు క్రైస్తవ దేశమే గాని, పిల్లి ఎదురొస్తే ఆగేవారు అక్కడా ఉన్నారు.

మూడవది ‘ఒతెల్లో’. 1887 ఫిబ్రవరి 5న లా స్కాలాలో మొదటిసారి ఆడారు. ఇయాగో భార్య మీద అబద్ధము చెప్పి ఒతెల్లో మనసు విరిచేశాడు. ఒతెల్లో మోకరించి ఆకాశము సాక్షిగా పగ తీర్చుకుంటానని ఒట్టు పెడతాడు. లేవబోతుంటే ఇయాగో ఆపి, తానూ పక్కనే మోకరించి అదే ఒట్టు పెడతాడు. చివరకు ఇద్దరూ కలిసి, పగ తీర్చే దేవుడని పిలుస్తారు. కరూసో, తిత్తా రుఫ్ఫో కలిసి 1914లో పాడిన రికార్డు వింటే వెన్ను జలదరిస్తుంది. రెండు కంచు గంటలు ఒకేసారి మ్రోగినట్టు ఉంటుంది. ఇక్కడ బావగారికి చిక్కు వచ్చింది. “ఇతడు అబద్ధికుడన్నావు. మరి మొదటి పాటలో ఆ మంచివాడి గొంతు కంటే ఇతని గొంతే బాగున్నదేమి?” అని అడిగారు. పార్మాలో నాటకశాల మెట్ల మీద కూర్చొని దీనిని గురించి చాలాసేపు వాదించుకున్నాము. నా ఉద్దేశములో వెర్ది కావాలనే అలా చేశాడు. ఇయాగోకు వంకర రాగము పెట్టి ఉంటే, ఒతెల్లో మోసపోయాడంటే మనము నమ్మము గదా. గొంతు తియ్యదనములో నిజాయితీకి గుర్తు ఏదీ లేదని ఆయనకు బాగా తెలుసు. బావగారు ఒప్పుకోలేదు. మంచివాడు పాడితే ఎక్కడో తెలుస్తుందని ఆయన పట్టు.

ఆ రుఫ్ఫో సంగతి ఒకటి చెప్పాలి. ఆయన చెల్లెలి భర్త మత్తెయొత్తి. పార్లమెంటులో ముస్సోలినీ పార్టీని ఎదిరించి మాట్లాడినందుకు 1924లో చంపబడ్డాడు. ఆ తరువాత రుఫ్ఫో ఇటలీ వేదికల మీద పాడలేదు. ఇయాగోను అంత గొప్పగా పాడిన మనిషి ఆయనే.

పార్మా నుండి మేము సియెనాకు వెళ్లాము. కొండ మీద ఎర్ర ఇటుకల ఊరు. ఎత్తోరె బాస్తియానీని 1922లో పుట్టింది ఇక్కడే. బాస్‌గా మొదలుపెట్టి, తరువాత బారిటోన్ అయినవాడు. ఆ మాట విని బావగారు కొంచెము నిటారుగా నడిచారు. 1958లో నేపుల్సు సాన్ కార్లోలో ఫ్రాంకో కొరెల్లి టెనర్‌గా, ఇతడు బారిటోన్‌గా ‘విధి బలము’ పాడగా తీసిన చిత్రము ఇప్పుడు కూడా చూడవచ్చు. ఆ నలుపు తెలుపు బొమ్మలో ఆయన పెద్దగా నటించడు, చేయి కూడా అంతగా ఎత్తడు. గొంతు మాత్రము నల్లరేగడి నేలలో నాగలి సాలు తీసినట్టు నిదానముగా, లోతుగా పోతుంది. నేను విన్న బారిటోన్లలో నాకు ఈయన తరువాతే ఎవరైనా.

1962లో ఆయనకు గొంతులో క్యాన్సరు అని తేలింది. ఇంటా బయటా చాలామందికి చెప్పకుండా దాచాడు. చికిత్సతో గొంతు పాడైంది. ఏమైందో తెలియని జనము, అశ్రద్ధ చేస్తున్నాడని నిందించారు. ఆయన మారు పలుకలేదు. 1965 డిసెంబరు 11న న్యూయార్కులో ఆఖరిసారి వేదిక ఎక్కాడు. ఆ రాత్రి ఆయన పాత్ర ‘డాన్ కార్లో’లో రొద్రిగో. చెరసాల ఘట్టములో రొద్రిగో ప్రాణము పోయే సమయాన ఆ మొదటి ప్రమాణపు రాగము వాయిద్యాలలో తిరిగి వినబడుతుంది. ఈసారి ఎవరూ పాడరు. 1967 జనవరి 25న గార్దా సరస్సు ఒడ్డున సిర్మియోనెలో బాస్తియానీని కన్నుమూశాడు. వయస్సు 44. సియెనాకు తెచ్చి పాతిపెట్టారు.