బాణీకి పట్టా లేదు

కొత్త సినిమా పాట రాగానే ఆ బాణీ ఎక్కడిదో కాపీ అంటూ ఫోన్లలో పంచాయితీ మొదలవుతుంది. బతుకమ్మ ఆట చూస్తూ పెరిగిన నల్లగొండ, పాలమూరు మనుషులకు ఇది వింత పంచాయితీ. మా దగ్గర భూమికి పట్టా ఉంటుంది గానీ బాణీకి ఉండదు.

తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ అడుగు పక్కకు వేస్తారు. ఒకామె పాదం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. వాళ్లు అందుకునేంతలో ఆమె తరువాతి పాదం అల్లేస్తుంది. చివర ‘ఉయ్యాలో’ ఉంది కనుక ప్రాస బెంగ లేదు. గౌరమ్మ కథ, రాముడి కథ, అత్తారింటి ఆరళ్లు, వదినను ఆటపట్టించే ముచ్చట అన్నీ ఆ నడకలోనే సాగిపోతాయి. అడుగుకు ఏడుపూ నవ్వూ తెలియవు, లెక్క ఒక్కటే తెలుసు. ఆట బాణీ ఎడ్లబండి, ఏ మూటైనా మోస్తుంది.

ఈ సంగతి ఇంగ్లండు వాళ్లకూ తెలుసు. 1580 సెప్టెంబరులో లండన్‌లో ‘గ్రీన్‌స్లీవ్స్’ అనే ప్రేమపాట అచ్చుకు నమోదైంది. నెల తిరక్కముందే దాన్ని భక్తికి మళ్లించిన పాట కూడా నమోదైంది. ఆ రోజుల్లో వీధుల్లో అమ్మే పాటల కాగితాల మీద స్వరాలుండేవి కావు. ఫలానా బాణీలో పాడుకోండి అని పైన రాస్తే చాలు, జనానికి అది నోటికి వచ్చు. ‘గ్రీన్‌స్లీవ్స్’ బాణీని ఎనిమిదో హెన్రీ రాజు కట్టాడని ఒక కథ అల్లారు గానీ, ఆ తరహా సంగీతం ఇటలీ నుంచి ఇంగ్లండు చేరింది ఆయన పోయాకే. 1865లో విలియం డిక్స్ రాసిన క్రిస్మస్ గీతాన్ని తర్వాత ఈ బాణీలోనే కూర్చారు. ఇప్పుడక్కడ ఐస్‌క్రీం బండ్లూ దాన్నే మోగిస్తాయి. ప్రియురాలు, ఏసు, ఐస్‌క్రీం: బాణీ ఎవరినీ కాదనలేదు.

మా దగ్గర అదే గుణం నిజాం మీద, దేశ్‌ముఖులనే భూస్వాముల మీద తెలంగాణ రైతులు చేసిన పోరాటానికి అక్కరకొచ్చింది. కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాల్లోకి ఆ పోరాటం నడిపిన సంఘం మాట ఎక్కించాడు. చదువు రానివాళ్లకు కరపత్రం అందదు, కానీ తెలిసిన వరసలో వచ్చిన మాట ఒక్కసారి వింటే నోట నిలుస్తుంది. బండి యాదగిరి ‘బండెనక బండి గట్టి’ నిజాం కాలంలో పుట్టింది. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాక కొత్త తరానికీ చేరింది. దేశ్‌ముఖులు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. వరసను మాత్రం ఏ దస్తావేజులోకీ ఎక్కించలేకపోయారు.

ఇప్పుడు బతుకమ్మ రాష్ట్ర పండుగ. వాడవాడనా డీజే పెట్టెలు దిగుతున్నాయి. చప్పుడు ఎక్కువైందని నాకు పేచీ లేదు, పండుగన్నాక చప్పుడుంటుంది. నా పేచీ వేరు. రికార్డు పాట ఎవరి కోసమూ ఆగదు. అందరూ అందుకునే ఆ కాస్త సేపు లేకపోతే తరువాతి పాదం అల్లే ఆడమనిషికి చోటు లేదు. బాణీ అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, మాటలు కూడా అరువు తెచ్చుకుంటేనే లోటు. పండుగ చివరి రోజు, సద్దుల నాడు ఒక గంట పెట్టె కట్టేసి, ఈ యేటి పత్తి ధర సంగతో, బొంబాయికి వలసపోయిన కొడుకు సంగతో ఎవరైనా ఎత్తుకుంటే చాలు. ‘ఉయ్యాలో’ అనడానికి ఊరు ఉండనే ఉంది.