312 ఎవరిది?

"అంకుల్, నేను ఇవాళే కదా చేరాను! అప్పుడే పుస్తకం బాకీ అంటారేంటి?"

ఆ అమ్మాయి అలా అడిగేసరికి మళ్లీ కంప్యూటర్ వంక చూశాను. సభ్యత్వం నంబరు 312. తీసుకున్నది భారత రాజ్యాంగం పుస్తకం. గడువు దాటి 20 రోజులు. వెనక నిలబడ్డవాళ్లు ఆ పిల్లను అదోలా చూస్తున్నారు. ఆమె మొహం చిన్నబోయింది. తప్పు ఆమెది కాదు, కంప్యూటర్‌దీ కాదు. నాది.

అశోక్‌నగర్ సంగతి తెలిసిందే. గ్రూప్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలతో ఏ సందు చూసినా హాస్టళ్లే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఆవరణలోని చెట్ల కింద కూర్చుని కూడా చదువుకుంటుంటారు. అలాంటివాళ్ల కోసమే మా ముందుగదిలో చిన్న అద్దె లైబ్రరీ నడుపుతున్నాను. ఒకప్పుడు నారాయణగూడలో నాన్నగారు నవలలు, వారపత్రికలు అద్దెకిచ్చేవారు. ఆయన తర్వాత ఆ పని నాకొచ్చింది.

రాతపని తగ్గుతుందని మా అబ్బాయి మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పెట్టిచ్చాడు. పేరు కొడితే చాలు, నంబరు అదే వేసుకుంటుంది. దాన్ని ఆటో ఇంక్రిమెంట్ అంటారట. పరీక్ష కోసం 43 ఉత్తుత్తి పేర్లు ఎక్కించి చెరిపేశాం. తీరా అసలు మొదటి సభ్యుడికి 44 వచ్చింది! "పేర్లు పోయాయి కదరా, ఒకటి రావాలిగా?" అన్నాను. "డిలీట్ చేస్తే పేర్లు పోతాయి గానీ లెక్క వెనక్కి తిరగదు నాన్నా" అంటూ ట్రంకేట్ అనే ఆదేశం ఇచ్చాడు. పట్టిక మొత్తం ఖాళీ అయింది. ఆ పేరు మళ్లీ ఎక్కిస్తే ఒకటి వచ్చింది. ఆల్టర్ టేబుల్ అనే ఆదేశంతోనూ లెక్క మార్చొచ్చనీ, అయితే ఉన్నవాటిలో పెద్ద నంబరు కంటే కిందికి దించలేమనీ చూపించాడు. నేను రుచి మరిగాను.

ఆ తర్వాత 312 నంబరు కుర్రాడు పరీక్ష తప్పి, చెప్పాపెట్టకుండా ఊరెళ్లిపోయాడు. నోటిఫికేషన్లు లేని రోజులు, అతని తర్వాత ఎవరూ చేరలేదు. పేరు తీసేశాను. ఒక నంబరు దండగెందుకని లెక్కను మళ్లీ 312కి దించాను. కానీ ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది వేరే పట్టిక. అందులో అతని బాకీ 312 కింద అలాగే ఉంది. అదే కొత్తగా చేరిన అమ్మాయి మెడకు చుట్టుకుంది.

రాత్రి మావాడితో చెప్పాను. "తప్పు నాది కూడా. రెండు పట్టికల్నీ ఫారిన్ కీతో ముడివేసి ఉంటే, బాకీ ఉన్న మనిషి పేరు చెరపనిచ్చేదే కాదు. ఆ నంబరు ఎంతమందో చెప్పడానికి కాదు నాన్నా, ఎవరో చెప్పడానికి" అన్నాడు. 2018లో మై ఎస్‌క్యూఎల్ 8.0 వచ్చేదాకా, సర్వర్ ఆపి మళ్లీ నడిపితే ఇన్నోడీబీ పట్టికల్లో చివర చెరిపేసిన నంబర్లు తిరిగి వచ్చేవట. ఇప్పుడు ఆ లెక్కను డిస్కులో దాస్తున్నారట.

రోడ్డు మీద బండ్లు గుర్తొచ్చాయి. 2014లో టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. కొత్త బండ్లకు కొత్త అక్షరాలతో కొత్త వరస. అంతేగానీ పాత ఏపీ నంబరు తీసి ఇంకొకరికి ఇవ్వలేదు.

అటక మీంచి నాన్నగారి రిజిస్టరు దింపాను. వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి. పక్కన 'బదిలీ', 'పెళ్లయి వెళ్లింది', 'కాలం చేశారు' అని చిన్న అక్షరాలు. ఆ నంబర్లు ఆయన మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. డేటాబేస్ అన్న మాటే వినని మనిషి!

మర్నాడు ఆ అమ్మాయికి 313 ఇచ్చి, అందరి ముందూ క్షమించమన్నాను. నవ్వేసింది. 312లో ఆ కుర్రాడి పేరు మళ్లీ ఎక్కించి, ఎదురుగా 'ఊరెళ్లాడు' అని రాశాను. రేపు నోటిఫికేషన్ పడితే మళ్లీ వస్తాడేమో. పుస్తకం తెచ్చినా తేకపోయినా, అతని నంబరు అతనికి ఉంటుంది.